బండికి పోసిన సాక

దసరా నాడు పొద్దున్నే పోచమ్మ పేరు చెప్పి బండికి సాక పోసి, చెక్కలు సైటులో దించి, మధ్యాహ్నానికి గదికొచ్చి కోడికూర వండుకోవాలని లచ్చన్న అనుకున్నాడు. సిమెంటు మోసిన వీపు అది. లైసెన్సు దొరికి ఇంకా ఏడాది కాలేదు. ఆ పికప్పే ఇప్పుడు అతని అన్నం.

చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ఊళ్ళో అయితే కల్లు పోసేవాడు. దుబాయ్ పక్కన ఈ అజ్మాన్‌లో కల్లెక్కడిది? గదిలో తోడుండే ఆశన్న ఎక్కడినుంచో విస్కీ తెచ్చి, పుణ్యానికి కొదవెందుకని బానెట్ ఎత్తి ఇంజను మీద కూడా పోశాడు. లచ్చన్న చుక్క ముట్టలేదు. భార్య ఐలవ్వ బతికుండగా తాగుడు మానమంటే మానలేదు. ఆమె పోయాక మానాడు. ఎవరికి లాభం?

"జర పైలం లచ్చన్నా," అన్నాడు ఆశన్న, పక్క సీట్లో కూర్చుంటూ. "తాగి నడిపితే చిన్న కేసే. మనిషికి తగిలిందనుకో, పెద్ద కేసు. జైలు, ఆనంక విమానం. ఖలాస్."

"తాగింది బండి. నేను గాదు."

సముద్రం మీంచి మంచు లేచి రోడ్డును మింగేసింది. ఇంజను వేడెక్కి విస్కీ ఆవిరి లోపలికి కమ్ముకుంది. బండి నేల మీద పోతోందో, మబ్బులో తేలుతోందో తెలియలేదు. ఆ తెల్లదనంలో పసుపురంగు చీర మెదిలింది. ఐలవ్వ. చెయ్యి అడ్డంగా చాచి నిలబడింది. లచ్చన్న బ్రేకు తొక్కాడు.

వెనక వస్తున్న పోలీసు జీపూ ఆగింది. హవల్దారు తలుపు తీసి, వాసనకు ముక్కు మూసుకున్నాడు.

"క్యోం రోకా?"

"బీవీ సామ్నే ఆయీ సాబ్."

"అబ్ కిధర్ హై?"

"మర్ గయీ."

భార్య అడ్డమొచ్చి చచ్చిపోయిందని అర్థమై హవల్దారు వంగి బండి కింద చూశాడు. ఆశన్న స్నేహితుణ్ణి ఆదుకోబోయాడు.

"సచ్ సాబ్. మర్ గయీ. హమ్ దోనో మిల్కే జలాయా."

ఇద్దరం కలిసి కాల్చామన్న ఆ ఒక్క మాటతో ఇద్దరికీ బేడీలు పడ్డాయి. జీపులో ఉన్న మిగతావాళ్ళు ఇసుకలో శవాన్ని వెతకడానికి దిగారు.

ఆసుపత్రిలో రక్తం తీసిన నర్సు కృపాకుమారిది ఏలూరు.

"ఏవండీ, మీ ఆవిణ్ణి నిజంగానే కాల్చారా?"

"కాల్చక ఏంజేస్తరమ్మా? పీనుగను ఇంట్ల వెట్టుకుంటరా? దుబాయ్ రాకముందే పాయె. జగిత్యాల కాడ కాష్టం వేర్చినం."

కృపాకుమారి నవ్వు దాచుకుంటూ పోలీసు అధికారికి అరబ్బీలో విడమరిచి చెప్పింది. హిందువులు పోయినవాళ్ళను కాలుస్తారంది. వీళ్ళ రక్తంలో మద్యం లేదంది. బండికి మద్యం ఎందుకు పట్టించారో చెప్పడానికే ఆమెకు ఎక్కువసేపు పట్టింది.

ఇంతలో వెతకబోయినవాళ్ళు మోకాళ్ళ దాకా మట్టితో వచ్చారు. శవం దొరకలేదు. గొయ్యి దొరికింది. పికప్పుకు మూరెడు ముందు, పైపుల కోసం రోడ్డుకు అడ్డంగా తవ్విన గొయ్యి. లోపల కూలీలు కూర్చుని రొట్టె తింటున్నారట.

అధికారి బేడీలు విప్పించి, తాళంచెవి లచ్చన్న చేతిలో పెట్టాడు.

"యల్లా," అన్నాడు, ఇక పొమ్మని.

బతికున్నన్నాళ్ళూ ఐలవ్వ ఆగమంటే లచ్చన్న ఒక్కసారీ ఆగి ఎరగడు.