మార్వెల్లా కోసం మేకన్ అంతా ప్రార్థించిన రోజు

శుక్రవారం ఉదయం హార్లన్ పికెట్ వేసుకున్న లెక్క చాలా చిన్నది. మూడు చోట్ల ఆరా తీయడం, ఒక మనిషికి ఉద్యోగం ఖాయం చేయడం, మధ్యాహ్నానికల్లా చెరువు గట్టున గాలం వేసుకుని కూర్చోవడం. మేకన్ ఊళ్లో ఒక చిన్న ఆపరేషన్ సెంటర్‌కు అతను మేనేజరు. అంతకుముందు చాలా ఏళ్లు పాత ట్రక్కులు అమ్మాడు. రెండు వ్యాపారాలకూ పెద్ద తేడా లేదని అతని నమ్మకం. ఎక్కడైనా సరే, బానెట్ ఎత్తి చూడకుండా బేరం కుదుర్చుకోకూడదు.

సెంటర్‌లో ఆపరేషన్ గదులు రెండు, మత్తు డాక్టరు మాత్రం ఇమోజెన్ టట్టిల్ ఒక్కతే. ఆమె ఒక గదిలో ఉంటే, రెండో గదిలో రోగి తలవైపు కూర్చుని ఆమె చెప్పినట్టు మత్తు చూసుకునే అసిస్టెంటు ఒకరు ఉండాలి. ఉన్నవాడు కాస్తా ఫ్లోరిడా వెళ్లిపోయాడు.

"సోమవారానికి మనిషి రాకపోతే రెండో గదికి తాళం వేస్తా హార్లన్. ఆ వెంటనే నీ గదికీ వేస్తా," అని డాక్టరమ్మ ముందురోజే చెప్పేసింది.

దొరికిన మనిషి మార్వెల్లా స్టోక్స్. సర్టిఫికెట్లు ఆమె చేతినుంచి తీసుకుంటే చెల్లవు, ఇచ్చినవాళ్లనే నేరుగా అడగాలి. హార్లన్ రాష్ట్ర వైద్య మండలిని అడిగాడు. లైసెన్సు ఉంది, ఫిర్యాదులు లేవు. ఈ అసిస్టెంట్లకు పరీక్ష పెట్టే జాతీయ సంస్థను అడిగాడు. పాసైంది, గడువూ దాటలేదు. కాఫీ చల్లారకముందే రెండు పనులు తెమిలిపోయాయి. మిగిలింది ఆమె కిందటి నెల మానేసిన పెద్దాసుపత్రి.

"ఆవిడ మా దగ్గర నాలుగేళ్లు పనిచేశారండీ," అంది అక్కడి ఆఫీసు అమ్మాయి.

"పనెలా చేసేది?"

"అది చెప్పకూడదండీ."

"మళ్లీ వస్తానంటే తీసుకుంటారా?"

"అదీ చెప్పకూడదండీ."

"పోనీ, మంచి మనిషైతే ఒక్కసారి దగ్గమ్మా, చాలు."

"నాకు దగ్గు లేదండీ," అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది.

దావాల భయంతో ఏ ఆసుపత్రీ అంతకుమించి నోరు విప్పదు. కానీ ట్రక్కుల అంగట్లో అమ్మేవాడు తయారైన సంవత్సరం ఒక్కటే చెప్పి ఆగిపోయాడంటే ఇంజను పగిలిందనే అర్థం. హార్లన్ మళ్లీ ఫోను అందుకున్నాడు. మేకన్‌లో మనిషి అసలు సంగతి తెలియాలంటే చర్చిని అడగాలి. మార్వెల్లా వెళ్లే చర్చిలో ఆఫీసు పనులు చూసే ఒడెస్సా క్రమ్‌కు ఫోన్ కలిపాడు.

"ఒడెస్సమ్మా, ఆపరేషన్ సెంటర్ నుంచి హార్లన్‌ని. మీ మార్వెల్లా ఎలా ఉందో కనుక్కుందామని. గుట్టుగా అడుగుతున్నా, ఎవరికీ చెప్పకండి."

"అయ్యో నా తల్లీ! ఇంకేం చెప్పకు నాయనా. నాకు అర్థమైపోయింది."

"ఏం అర్థమైంది?"

"గుట్టు నాకొదిలెయ్," అని ఆమె పెట్టేసింది.

ఆ చర్చిలో ఎవరికి కష్టం వచ్చినా ఒకరు ఇద్దరికి ఫోన్ చేసి ప్రార్థించమంటారు, ఆ ఇద్దరు నలుగురికి చేస్తారు. గుట్టైన సంగతి అయితే ఇంకా తొందరగా చేస్తారు. ఆపరేషన్ సెంటర్ నుంచి మార్వెల్లా కోసం ఫోన్ వచ్చిందట అని బయలుదేరిన మాట, రెండో వీధి తిరిగేసరికి మార్వెల్లాకు ఆపరేషన్ అట అయింది. మార్కెట్ దాటేసరికి కోసి చూసి మళ్లీ కుట్టేశారట అయింది.

మధ్యాహ్నం డాక్టర్ టట్టిల్ విసవిసా వచ్చింది. "మార్వెల్లాకు జబ్బట కదా! మా పిన్ని ఇప్పుడే ఏడుస్తూ ఫోన్ చేసింది. నీకు తెలుసా?"

హార్లన్ బల్ల మీద గుద్దాడు. "నేననుకుంటూనే ఉన్నా! ఆసుపత్రివాళ్లు నోరు కుట్టేసుకున్నది ఇందుకే! జబ్బు దాచిపెట్టి మనకు అంటగడదామనుకుంది డాక్టరమ్మా!"

"అయితే వెళ్లి కనుక్కో. గాలం మోసుకెళ్లేది తర్వాత."

మార్వెల్లా ఇంటి వీధిలో కారు ఆపడానికి చోటు లేదు. వాకిట్లో జనం. ప్రతి చేతిలోనూ రేకు కాగితం కప్పిన గిన్నె. కష్టంలో ఉన్న ఇంటికి ఆ ఊళ్లో ఎవరూ వట్టి చేతులతో రారు. చికెన్, మాకరోనీ, అరటిపండు పుడ్డింగ్ వరండా మెట్లదాకా పేరుకుపోయాయి. వాటి మధ్య చేతిలో పెయింటు బ్రష్షుతో, గుండ్రాయిలా నిలబడి ఉంది మార్వెల్లా.

"నాకేం రోగం లేదు మొర్రో అంటుంటే వినరేం?" అని అరుస్తోంది.

"పాపం, ఎంత ధైర్యమో!" అని ఒక ముసలావిడ కళ్లొత్తుకుంది. "మా ఆయన గుండె ఆపరేషన్‌కు భయపడి బల్ల దిగి పారిపోబోతే, చెయ్యి పట్టుకుని కబుర్లు చెప్తూ నిద్రపుచ్చింది."

"మా బుడ్డోడికి మత్తు పడట్లేదని అందరికన్నా ముందు కనిపెట్టింది ఈమేగా!" అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన.

ఆసుపత్రి దగ్గనంటే దగ్గనన్నదంతా వాకిట్లో ఉచితంగా దొరుకుతోంది. హార్లన్ నోట్లో నీళ్లూరాయి. సరిగ్గా అప్పుడే అతని పక్కనుంచి నదవతలి ఇంకో ఆపరేషన్ సెంటర్ మేనేజరు రాయిస్ హెంబ్రీ పుడ్డింగ్ గిన్నెతో ముందుకు తోసుకెళ్లాడు.

"అమ్మాయ్, నీకు జబ్బు లేకపోతే మరీ మంచిది. వీళ్ల మాటలు విన్నా, నాకది చాలు. కాగితాలూ గీగితాలూ అక్కర్లేదు. సోమవారం మా దగ్గర చేరిపో."

హార్లన్‌కు తన గది తాళం చప్పుడు చెవిలో వినిపించింది. ఆ పైన ఒడెస్సా అతన్ని చూసి చెయ్యెత్తి చూపించింది. "అదిగో, నాకు ఫోన్ చేసింది ఆ అబ్బాయే!"

జనం రెండుగా చీలి దారిచ్చారు. మార్వెల్లా బ్రష్షు అతని వైపు తిప్పింది. "నువ్వా? ఎవరెవరికి చేశావ్?"

"లైసెన్సు వాళ్లకు. పరీక్ష వాళ్లకు. ఆసుపత్రికి. వాళ్లు ఏమీ చెప్పకపోతే చర్చికి."

"ఆ తర్వాత?"

"మీ చిన్నప్పటి బడికి చేద్దామనుకున్నా," అన్నాడు హార్లన్ తల వంచుకుని.

మార్వెల్లా అతన్ని ఎగాదిగా చూసి రాయిస్ వైపు తిరిగింది. "నువ్వు నా లైసెన్సైనా చూశావా?"

"ఎందుకమ్మా, ఊరంతా చెబుతుంటే!"

"నేను పోతున్నాననీ ఊరంతా చెప్పింది కదయ్యా! ఊరి మాట మీద నన్ను తీసుకుంటున్నావు. మీ పక్కగదిలో మత్తిచ్చేవాడిని ఎవరి మాట మీద తీసుకున్నావ్?"

రాయిస్ గిన్నె మెట్టుమీద పెట్టి కారు ఎక్కాడు.

"సోమవారం వస్తా హార్లన్," అంది మార్వెల్లా. "ఒక్కటే షరతు. ఇకమీదట మీ సెంటర్‌లో ఎవరి గురించి ఆరా తీయాలన్నా నేనే తీస్తా. నువ్వు ఫోను ముట్టుకోకూడదు."

సోమవారం రెండో గది తెరుచుకుంది. హార్లన్ కుర్చీ నిలిచింది, అతని ఫోను మార్వెల్లా బల్లమీదికి మారింది. ఈ బేరంలో తనకు లాభమే వచ్చిందని హార్లన్ అందరికీ చెబుతున్నాడు. డాక్టరమ్మ కూడా లాభమే అంటోంది, ముఖ్యంగా ఫోను విషయంలో.