చైర్మన్ గారి కాళ్లకు నీళ్లు

"ఇవ్వాల్టి సంది గీ ఏజెన్సీల ఏ ఆడపిల్ల సుత చలికి వణకది" అని అభివృద్ధి కమిటీ చైర్మన్ భానుప్రసాద్ గారు మైకులో ప్రకటించారు. ఉట్నూరు అవతల, మా ఊరి బాలికల హాస్టల్ మీద సోలార్ వేడి నీళ్ల ట్యాంకు బిగించిన రోజది. ట్యాంకు కన్నా దాని మీద రాసిన ఆయన పేరు పెద్దది. మాట మీద నిలబడ్డారు, కాదనను. ఆ తర్వాత అక్కడ ఏ పిల్లా వణకలేదు. కెవ్వుమని అరిచారు, అంతే.

పగలంతా ఎండకు కాగిన నీళ్లు సాయంత్రానికి పొగలు కక్కుతాయి. బడి నుంచి వచ్చిన ఏడో తరగతి సృజన చెయ్యి కడుక్కుందామని నల్లా తిప్పింది. మోచేతి దాకా తోలు ఊడింది. ఎవరో పళ్లు తోముకునే పేస్టు పూశారు. దవాఖానాలో దాన్ని కడిగి తీస్తుంటే ఆ పిల్ల పెట్టిన కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. ఆ హాస్టల్లో ముక్కు తుడుచుకోవడం రాని పిల్లలు కూడా ఉన్నారు. రేపు ఎవరి వంతో.

ఊళ్లో ఏ ధర్నా జరిగినా ముందుండేది నేనే. నలుగురిని అడిగి తెలుసుకున్నాను. పైపుకు ఒక వాల్వు బిగిస్తే చాలు. వేడి నీళ్లలో అదే చల్ల నీళ్లు కలిపి, చెయ్యి కాలనంత వేడి దగ్గర ఆపుతుంది. చల్ల నీళ్లు బందయితే వేడి నీళ్లనూ బందు చేస్తుంది. పిడికిలంత వస్తువు. దాని కోసం ఇంజినీరు అరుణ్‌కుమార్ గారి ఆఫీసుకు పోయాను.

"ఏందయ్యా పోశం, మల్లొచ్చినవ్?"

"వాల్వు పెట్టున్రి సార్. ఇంకో పిల్ల కాలకముందే."

"గసొంటిది ఈడ ఏడ దొరుకుతది? గది ఫారిన్ల ఉంటది. అయినా పిల్లలకు నల్లా తిప్పుడు రాకపోతె నేనేం జెయ్యాలె?"

ఆయన సరదాకి అనలేదు. వారం తిరక్కముందే హాస్టల్లో 'కుళాయి విప్పు విధానంపై అవగాహన సదస్సు' జరిగింది. చేతికి కట్టుతో సృజన ముందు వరుసలో కూర్చుంది. చివర్లో ధ్రువపత్రాలిచ్చారు. ఎడమ చేత్తో తీసుకుంది.

చైర్మన్ గారి దగ్గరికీ పోయాను. ఆయన బాధ వేరు.

"వాల్వు పెడితె నీళ్లు గోరువెచ్చగైతయి కదరా. నా పేరు రాసిన ట్యాంకుల కెల్లి గోరువెచ్చటి నీళ్లొస్తె నా ఇజ్జతేముంటది? పొగలు రావాలె. వచ్చినోడు చెయ్యి పెట్టి 'అబ్బా' అనాలె."

"పిల్లలు 'అవ్వా' అంటున్రు సార్."

"రెండొకటే. ఫికర్ జెయ్యకు."

ట్యాంకుకు ఏడాది నిండింది. వార్షికోత్సవం పెట్టారు. మా దిక్కు ఇంటికి చుట్టమొస్తే మొదట కాళ్లకు నీళ్లిస్తాం. చైర్మన్ గారు ఆ నీళ్లు తన ట్యాంకువే కావాలన్నారు. నల్లా తానే తిప్పుతారట, కెమెరా ముందే చెంబు నిండాలట, పిల్ల పొయ్యాలట. అంటే పక్కన చల్ల నీళ్లు కలిపే వీలు లేదు. ఇంజినీరు గారికి చెమటలు పట్టాయి. పిల్ల చెయ్యి కాలితే సదస్సు పెట్టొచ్చు. చైర్మన్ కాళ్లు కాలితే ఏం పెట్టాలి?

ముందు రోజు ఇద్దరు మనుషులు వచ్చి వాల్వు బిగించడం మొదలుపెట్టారు. హాస్టల్లో వంట చేసే సమ్మవ్వ వాళ్లను అడిగింది.

"ఏడికెల్లి తెచ్చిన్రు బిడ్డా? ఫారిన్‌కెల్లా?"

"ఇంజినీర్ సారు క్వార్టర్లకెల్లి పెద్దవ్వా. ఆయన బాత్రూముది ఇప్పుకొచ్చినం. రేపు మీటింగు కాంగనే మల్ల తీస్కపోయి పెట్టాలె."

ఫారిన్ మా ఊరికి ఇంత దగ్గరని నాకు ఆ రోజే తెలిసింది. నీళ్లు పొయ్యడానికి సమ్మవ్వ సృజనను ఎంచి నిలబెట్టింది.

మర్నాడు చైర్మన్ గారు నల్లా తిప్పారు. చెంబు నిండింది. సృజన పోసింది. కాళ్లకు హాయిగా తగిలేసరికి ఆయన మైకు అందుకున్నారు.

"సూడున్రి. గీ నీళ్లతోని చెయ్యి కాలిందని కొందరు నన్ను బద్నాం జేస్తున్రు. నా కాళ్లు కాలినయా?"

కొందరంటే నేనే. జనం లేదు లేదన్నారు. అప్పుడు ఆయన కళ్లు చెంబు పట్టుకున్న చేతి మీద పడ్డాయి. మోచేతి దాకా మచ్చ. కెమెరా నడుస్తోంది కాబట్టి ప్రేమగా అడిగారు.

"చెయ్యికేమైంది బిడ్డా?"

"గీ నల్లాకే కాలింది సార్. నిన్న ఇంజినీర్ సారు ఇంట్ల వాల్వు తెచ్చి పెట్టిన్రు. మీరు పోంగనే ఇప్పుకపోతరట. సమ్మవ్వ చెప్పింది. రేపు మల్ల ఎవరో కాలుతరు."

మైకు ఆ మాటను రోడ్డు దాకా మోసింది. కానీ నాయకుడు ఊరికే అవుతాడా?

"వాల్వు పెట్టుమన్నది నేనే" అన్నారు చైర్మన్ గారు, కాళ్లు తుడుచుకుంటూ. "మా ఇంజినీర్ సాబ్ పిల్లల మీది పాయిరంతోని సొంత ఇంట్లది దానం జేసిండు. ఇగ గిది జిందగీ భర్ ఈడనే ఉంటది."

చప్పట్లు మోగాయి. ఇంజినీరు గారు కూడా కొట్టారు, కాస్త ఆలస్యంగా.

రెండో నాడు ఇంజినీరు గారి నుంచి నాకు ఫోనొచ్చింది.

"పోశమన్నా, బాగున్నవా? జర పరేషాన్ల ఉన్న. వాల్వు తీసిన ముచ్చట మా ఆమెకు చెప్పలే. చెయ్యి కాల్చుకున్నది."

"అయ్యో. సల్ల నీళ్ల కింద పెట్టిండ్రా?"

"పెట్టినం, కట్టు కట్టిచ్చినం. కొత్త వాల్వు అడిగితె, దానం జేసినోనికి మల్లెందుకంటుండు చైర్మన్."

"కొనుక్కోరాదు సార్?"

"సర్కారు క్వార్టర్లకు సొంతంగ కొంటరా ఎవరన్న? నువ్వొక ధర్నా చెయ్యన్నా. నా పేరు రాకుంట."

"చేస్తం. కాని ముందుగల్ల ఏజెన్సీల హాస్టళ్లన్నిటికి. మీరు సుత టెంటు కింద కూసోవాలె."

"నా నౌకరి పోతది. మా ఆమెను తోలుత."

ఆమె పేరు వందన. చెప్పినట్టే ధర్నాకు వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని సృజన పక్కన కూర్చుంది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి చాలాసేపు మాట్లాడుకున్నారు. మొదటి నినాదం నేనివ్వాలని జనం నా వైపు చూస్తున్నారు. నేను గొంతు సవరించుకునే లోపే వందన బాగున్న చెయ్యి పైకెత్తింది.

"ఇంజినీర్ అరుణ్‌కుమార్, డౌన్ డౌన్!"