రెండు ట్రిగ్గర్లు, ఒక భుజం

మా విత్తనాల క్షేత్రానికి తుపాకి మంజూరైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. అడవిపందులు ఆలుగడ్డల మడులు తవ్వేస్తున్నాయని కాపలాదారు అర్జీ పెట్టుకుని అప్పటికి నాలుగేళ్లే అయింది.

వచ్చింది రెండు గొట్టాల తుపాకి. క్షేత్రానికి అధికారులూ ఇద్దరే. హోదా సమానం. ఒకరిది తూర్పు గది, ఒకరిది పడమటి గది. ఎవరు పెద్ద అన్నది తేలక ఫైళ్లు ఆ రెండు గదుల మధ్య నడవాలోనే కాలక్షేపం చేస్తుంటాయి.

తుపాకి సంగతి వివరించడానికి, తుపాకులు బాగుచేసే మేస్త్రిని పిలిపించారు. ఆయన దాన్ని సమావేశపు బల్ల మీద పెట్టి, పైనున్న మీటను బొటనవేలితో పక్కకు నెట్టాడు. గొట్టాలు కీలు దగ్గర కిందికి వంగాయి.

"ఇక్కడ రెండు తూటాలు పెట్టి మూసేయాలండి. ముందు ట్రిగ్గర్ నొక్కితే కుడి గొట్టం, వెనకది నొక్కితే ఎడమ గొట్టం. లోపల సూది వెళ్లి తూటా అడుగున పొడుస్తుంది. మందు అంటుకుని సీసపు గుళ్లు బయటికి పోతాయి. అంతే."

"ముందుది నాది," అన్నారు తూర్పు గది అధికారి.

మేస్త్రి తల గోక్కున్నాడు. "ఎడమ గొట్టం మూతి కాస్త ఇరుకండి. గుళ్లు చెదరకుండా దూరం పోతాయి."

"నాకు దూరదృష్టి ఉంది. వెనకది నాకు," అన్నారు పడమటి గది అధికారి.

ఇక తుపాకి వెనక కొసనున్న చెక్క మడమ మిగిలింది. అదెందుకని అడిగారు.

"భుజానికి ఆనించుకోడానికండి. పేలినప్పుడు తుపాకి వెనక్కి తంతుంది. ఆ దెబ్బ భుజమే కాయాలి."

ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చారు. మడమ కాపలాదారుకు కేటాయించడమైనది.

"పేల్చేది వాళ్లు, దెబ్బ నీకా?" అంది ఆ రాత్రి కాపలాదారు భార్య.

"ఆర్డరులో అలాగే ఉంది మరి."

ఆమె పాత తువ్వాలు మడిచి, చొక్కా భుజం లోపల కుట్టింది.

మర్నాడు తెల్లవారగానే పంది వచ్చింది. కాపలాదారు గట్టు మీద మోకాలు వేసి మడమను భుజానికి ఆనించుకున్నాడు. అధికారులు చెరో పక్కన వంగి, ఎవరి ట్రిగ్గర్ మీద వారు వేలు పెట్టారు. గురి చూడటం ఎవరికీ కేటాయించలేదు. పంది ఒక మడి తవ్వడం ముగించి రెండో మడిలోకి నడిచింది.

"అయ్యా, కానివ్వండి," అన్నాడు కాపలాదారు.

"నేను చెప్పేదాకా మీరు నొక్కకండి," అన్నారు తూర్పు గది.

"మీరు నాకు చెప్పేదేమిటి?" అన్నారు పడమటి గది.

రెండు గొట్టాలూ ఒకేసారి పేలాయి. క్షేత్రం పేరున్న బోర్డు జల్లెడైంది. పంది చిరాకుపడి వెళ్లిపోయింది. తువ్వాలు ఒక గొట్టానికైతే సరిపోయేదేమో గాని, కాపలాదారు భుజం ఎముక విరిగింది.

వారం తిరక్కుండానే అభినందన సభ జరిగింది. "సమష్టి కృషితో శత్రువును తరిమికొట్టాం," అని అధికారులిద్దరూ వేర్వేరుగా, అవే మాటల్లో ప్రసంగించారు. ఇద్దరికీ ప్రశంసాపత్రాలు అందాయి. గురి తప్పేలా భుజం కదిపినందుకు సంజాయిషీ కోరుతూ కాపలాదారుకు మెమో అందింది.

ఉద్యోగులం నలభై మందిమీ లేచి నిలబడి చప్పట్లు కొట్టాం. కుడిచెయ్యి కట్టులో ఉన్నందున కాపలాదారు కొట్టలేదు. సాయంత్రానికి మెమోలో అది రెండో ఆరోపణగా చేరింది. అధికారులు గమనించారనుకోకండి. అప్పుడు వాళ్లు ఎవరి ప్రశంసాపత్రం పెద్దదో కొలుచుకుంటున్నారు. పైకి చేరవేసింది చప్పట్లు కొడుతున్న మాలో ఒకరే.