పెద్దిరాజు సీసా మూత తీసిన పర్వం

సకలమరుభూమండలమార్తాండుడు నడినెత్తిన నిలిచి ఇసుకను పేలాల మంగలమువలె వేయించుచుండగా, సముద్రపుగాలి సైతము గంజి ఆవిరియై మొగమునకు తగులుచుండగా, ఆగస్టు మాసపు ఆదివారమున, మధ్యాహ్నపు నమాజు ముగిసి, గిన్నెలో చేపలపులుసు అడుగంటిన శుభవేళ, గల్ఫుగడ్డమీద గిడ్డంగులకు పుట్టినిల్లయిన అల్ ఖూజ్ పేటయందు, కంపెనీ క్యాంపు పద్నాలుగో నంబరు గదిలో జరిగిన మహాసంగ్రామమును చెప్పెదను. ఏసీ మోత కొంచెం ఎక్కువ. చెవి ఇటు వేసి వినండి.

వారములో ఆరు దినములు భవనాల కప్పులలోని ఏసీ రేకుగొట్టములందు బల్లివలె పాకి, ఊరందరికీ చల్లదనము పంచి, తాను చెమటలో ఈదు గోదావరి లంకవాసి పెద్దిరాజు. పనిచోట అతనికి పేరు లేదు. "ఏయ్" అన్నదే బిరుదు. అట్టివాడు ఆదివారము ఒక్కపూట ఫోను తెరమీది ఆటలో తెల్లగడ్డము, వెండికర్ర ధరించి మహావైద్యుడై వెలుగును. అక్కడ ఇద్దరు వీరులు అతనిని పేరుపెట్టి పిలుతురు. అతని చేతిచలువకై ఎదురుచూతురు.

ఆ ఆటలో యుద్ధధర్మమెట్టిదనగా, ముందు నిలిచినవాడు డాలు చరచి శత్రువును రెచ్చగొట్టి, దాని కోపమంతయు తనమీదికి లాగుకొనవలె. ఆ సందున వెనుకవాడు బాణములు గుప్పించవలె. మూడవవాడు వైద్యుడు, దెబ్బతిన్నవాని నెత్తిమీది ఎర్రగీత తరుగుచుండగా మంత్రముతో నింపవలె. ఒకమారు వేసిన మంత్రము పది క్షణములదాక మరల పలుకదు. ఆ లోపల ఆదుకొనునది సంచిలోని మందుసీసాయే. ఇంకొక మెలిక యున్నది. వైద్యము మితిమీరెనా, 'అసలు దొంగ వీడురా' అని శత్రువు వైద్యునిమీదికే తిరుగును.

పెద్దిరాజుకు విద్య వచ్చును. లోపమొక్కటే: సీసా మూత తీయడు. సంచిలో డెబ్బయిమూడు సీసాలు మూలుగుచున్నను తీయడు. ఏల తీయడనగా, అతని మంచముక్రింద ఒక అట్టపెట్టె గలదు. అందు సెలవుకు ఊరెళ్ళునాటికని రెండేళ్ళుగా కూడబెట్టిన సబ్బులు, అత్తర్లు, పాలపొడి డబ్బాలు, డజను తైలం సీసాలు టేపు చుట్టుకొని తపస్సు చేయుచున్నవి. నడుము పట్టేసిన దినమున కూడ ఆ తైలము ముట్టని నియమపరుడు, ఆటలో మాత్రము ముట్టునా? తత్ఫలితముగ ఒకే రాక్షసుని చేతిలో ఆ త్రయము పదకొండుమార్లు మట్టిగరచెను.

విలుకాడైన పెషావరు పికప్ డ్రైవరు అమీర్ జాన్ తీర్పు చెప్పెను. "పెద్దిరాజ్ భాయ్, ఆజ్ ఆఖ్రీ మౌకా. ఆజ్ మరే తో ఖలాస్! తుమ్హారీ జగహ్ అఖీల్ ఖేలేగా."

అనగా నేడు ఓడినచో వైద్యపీఠము పోయినట్టే. పైమంచము మీది జగిత్యాల తాపీమేస్త్రి అఖీల్ క్రిందికి వంగి, "నేనైతే తయారున్న కాకా. ఫోను సుత నూరు చార్జింగ్ వెట్టిన" అనెను.

అంతట జంబాలజాలమధ్యసంభూతుడు, ఘోరకర్పరకవచుడు, పటకారుగోళ్ళవాడు అగు కర్కటాసురుడు బురద చీల్చుకొని లేచెను. వీడు కోటకు రాజు కాడు. మొదటి మడుగుకు కాపలాదారు. వీనిని చిన్నపిల్లలు ఐసుముక్క చీకుచు చంపుదురట. అది వేరు సంగతి.

డాలుధారి నాగబాబు డాలు చరిచెను. "రావే పీతా! నిన్ను పులుసెట్టకపోతే మాది పాలకొల్లే కాదు!"

పీత కోపము నాగబాబుమీద పిడుగయ్యెను. ఎర్రగీత సగమాయెను. పెద్దిరాజు మంత్రము వేసెను, గీత నిండెను. పీత మరల మొత్తెను. గీత పావు వంతునకు జారెను.

"బాబాయ్, సీసా! సీసా కొట్టు!"

"ఉండరా, ఆరు లెక్కెట్టేలోపు మంత్రం వచ్చేద్ది. మందెందుకు దండగ?"

"నాలుగు లెక్కెట్టేలోపు నేను పోతానండి బాబూ!"

పైనుండి అఖీల్ అందుకొనెను. "గా సీసలు గూడ కార్గోల ఇంటికి పంపుతవా కాకా?"

ఆ మాట పెద్దిరాజుకు బాణమై నాటెను. గత సెలవులో పెట్టె విప్పగా రెండేళ్ళ చాక్లెట్లు సబ్బుల సావాసమున సబ్బులే అయిపోయి, మేనకోడలు సుభద్ర ఒకటి కొరికి "మావయ్యా, నోట్లో నురగొత్తందేంటి?" అన్న ఘట్టము కన్నులముందు కదలెను. నాగబాబు ఎర్రగీత వెంట్రుకవాసి మిగిలియుండెను. మున్ను ఊరి నాటకమున ద్వారపాలకుడై ఒకే ఒక్క మాట పలికిన మహానటుడు పెద్దిరాజు మంచముమీద మోకాళ్ళపై లేచి ఇట్లు గర్జించెను:

"ఓరీ కర్కటాధమా! పీత కనబడిన కాలు విరిచి కూరవండు వంశమున పుట్టిన నా ఎదుటనా నీ గోళ్ళాట! దాచినవాడు పెద్దిరాజు. తీయువాడునూ పెద్దిరాజే. కాచుకొనుము!"

బొటనవ్రేలు పడెను. డబుక్! మొదటి సీసా విచ్చెను. నాగబాబు గీత నిండుగోదావరి యయ్యెను. వెంటనే పెద్దిరాజు రెండవది, మూడవది పోసెను, వైద్యము మితిమీరెను, పీత గిరుక్కున వైద్యునిమీదికి తిరిగెను.

"మర్ గయా!" అని అరచిన అమీర్ జాన్ మరుక్షణమే విల్లు ఎక్కుపెట్టెను. ఏలననగా పీత ఇటు తిరుగుటచే కవచము చాలని దాని మెత్తని వెనుకభాగము అతని బాణములకు ఎదురాయెను. పెద్దిరాజు కదలలేదు. పీత మొత్తును, అతడు త్రాగును. అది గీరును, ఇతడు త్రాగును. డెబ్బయి సీసాలవానిని ఎంతని మొత్తగలదు?

"మారో భాయ్! యల్లా! యల్లా!" అనుచు బాణవర్షము కురిసెను. ఇరువది రెండవ సీసా వద్ద కర్కటాసురుడు వెల్లకిల పడి కాళ్ళు తన్నుకొని కూలెను. దోపిడిగా ఒక తోలుచెప్పు దొరికెను. అదియు ఎడమకాలిది.

"పెద్దిరాజ్ భాయ్ కీ సీట్ పక్కీ!" అని అమీర్ జాన్ ప్రకటించెను.

"నా చార్జింగ్ ఒడుస్తది గని మీ కాక ఒడువడు" అని అఖీల్ గోడవైపు తిరిగెను.

అప్పుడు తెలిసెను, మహావైద్యుని బొటనవ్రేలు పట్టేసి మడతపడకున్నది. అతడు క్షణకాలము దానివంక చూచి, మంచము క్రిందికి వంగి, అట్టపెట్టె నీడ్చి, రెండేళ్ళ టేపును కత్తెరతో సర్రున కోసి, డజనులో ఒక తైలం సీసా తీసి, మూత త్రిప్పెను. ఘాటు గదినిండా కమ్మెను. నాగబాబు బొటనవ్రేలు చాచెను. అమీర్ జాన్ చాచెను. ఆడనేలేని అఖీల్ సైతము పైనుండి ఒకటి క్రిందికి వ్రేలాడదీసెను.

ఇట్లు పెద్దిరాజు ఒక పీతను గెలిచి, ఒక మూతను గెలిచి, నాలుగు బొటనవ్రేళ్ళకు చల్లదనము పంచి చరితార్థుడయ్యెను. మిగిలిన పదకొండు సీసాలకు సాయంకాలమే మరల టేపు చుట్టెను. కాని, విన్నవారలారా, కత్తెరను మాత్రము పెట్టెమీదనే ఉంచెను.