వదిన మెడలో దండ

ఆ ఉదయం అమ్మిరాజు వేసిన ఎత్తు చాలా చిన్నది. అన్నయ్య లోవరాజు సంవత్సరీకానికి ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టించాలి. అందులో "ఇట్లు, కుటుంబ సభ్యులు" అన్నచోట వదిన వీరవేణి పేరు ఉండకూడదు. తండ్రి పంపకంలో అన్నయ్యకు ఎకరన్నర చేను వచ్చింది. పిల్లల్లేరు. ఇరవయ్యేళ్లు అదే చేలో నాట్లు వేసిన వీరవేణికి ఇప్పుడు అదొక్కటే ఆధారం. అమ్మిరాజు మాత్రం "నాన్న భూమి నాన్న కొడుక్కే" అంటూ, పాస్‌బుక్కు కోసం ఆవిడ పెట్టుకున్న అర్జీకి నెలల తరబడి అడ్డుపుల్ల వేస్తున్నాడు. ఊరంతా చూసే ఫ్లెక్సీలో తన పేరొక్కటే ఉంటే వారసుడు తనేనని అందరూ ఒప్పుకుంటారని అతని ఆశ.

అన్నయ్యకు విడిగా ఫొటో లేదు. భార్యాభర్తలిద్దరూ ఉన్న ఫొటోనే రామచంద్రపురం ఫ్లెక్సీల షాపుకి పంపి, "దండ వేసి కట్టెయ్యండి" అన్నాడు. వదినను కత్తిరించమని చెప్పడం మరిచిపోయాడు. షాపువాళ్లు పక్షపాతం చూపకుండా ఇద్దరికీ చెరో దండ వేసి, సెంటర్లో కట్టి వెళ్లిపోయారు.

మర్నాడు తెల్లారకుండానే పరామర్శలు మొదలయ్యాయి.

"ఏంటి అమ్మిరాజూ, వదిన కూడా పోయిందంటగా. కబురైనా చెయ్యలేదు" అంది పక్కింటి రత్నమాణిక్యం కళ్లొత్తుకుంటూ.

"పోలేదండి. తణుకులో చెల్లెలింటికెళ్లింది."

"మరి కింద పేర్లలో లేదేం?"

అమ్మిరాజు గబగబా జేబు తడుముకున్నాడు. ఫోన్ చేస్తే వదినది స్విచాఫ్. చేను కోసం తగువాడినవాడు చెప్పేది నమ్మేదెవరు? పది గంటలకల్లా వదినను వీడే ఏదో చేశాడని ఊరు గుసగుసలాడింది, పదకొండుకి కానిస్టేబుల్ వచ్చాడు. వదిన నిండు నూరేళ్లూ బతకాలని అమ్మిరాజు మొదటిసారి మనస్ఫూర్తిగా కోరుకున్నాడు.

కానిస్టేబుల్ అతన్ని గ్రామ సచివాలయానికి తీసుకెళ్లాడు. వీఆర్వో ఉషారాణి తెల్లకాగితం ముందుకు తోసింది.

"ఆవిడ బతికే ఉన్నారని రాసివ్వండి. మీకేమవుతారో కూడా రాయాలండి. మీ అన్నగారికి పిల్లలున్నారా?"

"లేరండి."

"మీ అమ్మగారు?"

"అన్నయ్య కంటే ముందే పోయారండి."

"అయితే వారసులెవరండి?"

'నేనే' అన్నమాట నాలుక చివరిదాకా వచ్చింది. కానిస్టేబుల్ కలం పట్టుకుని అతని వైపే చూస్తున్నాడు.

"మా వదినేనండి. ఆవిడొక్కర్తేనండి" అన్నాడు అమ్మిరాజు.

"చట్టం కూడా అదే అంటోందండి. ఆవిడ పాస్‌బుక్కు మీ అభ్యంతరం వల్లే ఇన్నాళ్లూ ఆగింది. ఇక్కడ సంతకం పెట్టండి."

సాయంత్రం బస్సు దిగిన వీరవేణి, చేతిసంచీతో ఫ్లెక్సీ కింద చాలాసేపు నిలబడింది. భర్త ముఖం చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది, తన ముఖం చూసి నవ్వాపుకోలేకపోయింది. పరుగున వచ్చిన అమ్మిరాజు ఫ్లెక్సీ విప్పబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ అమ్మిరాజూ. సంవత్సరీకం అయ్యాక నాకివ్వు."

కోతలయ్యాక తుపాను పట్టింది. తన పేరు మీదికొచ్చిన చేలో, తన ధాన్యం రాశి మీద వీరవేణి ఆ ఫ్లెక్సీ కప్పింది. కొలిచి కుట్టించినట్టు సరిపోయింది.