చెక్కుచెదరని పడవ

తుఫాను వెలిసిన మూడో రోజు పొద్దున్నే ఎర్రన్న వేటకు బయల్దేరాడు. ఊళ్ళో సగం పడవలు ముక్కలైనా, ముందే సరుగుడు తోటలోకి లాగించి కట్టేసిన పుణ్యాన అతనిది మాత్రం చెక్కుచెదరలేదు. బుద్ధి ఉన్నవాడైతే సంతోషించి సముద్రంలోకి పోయేవాడు.

ఒడ్డున ఒకావిడ మడత కుర్చీలో కూర్చుని ఉంది. చెయ్యి చాపి, ఒక కన్ను మూసి, పక్కింటివాడి విరిగిన పడవను పెన్సిలుతో కొలిచి పుస్తకంలో ఏదో గీస్తోంది. పేరు అనూరాధ. ఊరూరా తిరిగి పడవల బొమ్మలు నీటిరంగుల్లో వేసుకునే మనిషి. అడిగితే ఆ మాటే చెప్పేది. కానీ ప్రతి తుఫానుకీ పుస్తకాలు పట్టుకుని కొలతలు తీసేవాళ్ళను చూసిన ఎర్రన్న అడుగుతాడా? నష్టం రాసుకునే ఆఫీసరమ్మే అని తేల్చేశాడు. పోయిన తుఫానుకి పడవ విరిగినవాళ్ళందరికీ కొత్తవి ఇచ్చారు. బాగున్న పాపానికి ఇతనికి తాడు ముక్కైనా దక్కలేదు. ఆ కడుపుమంట ఇంకా చల్లారలేదు.

తోటలోకి గొడ్డలి తెచ్చాడు. భార్య గున్నమ్మ అడ్డం పడింది.

"మతి పోనాదేటి మావా? మనకి కూడెడతన్నది ఆ పడవే కదా."

"నువ్వూరుకోయే. కొత్తది వస్తాది."

రెండు పలకలు ఊడగొట్టి, నలుగురి చేత పడవను ఆవిడ ముందుకు లాగించాడు. ఆవిడ ఒకసారి చూసి మళ్ళీ పక్కవాడి పడవే గీసుకుంది. నష్టం చాలలేదు కాబోలనుకున్నాడు మహానుభావుడు. ఆవిడ టీకి వెళ్ళగానే అడుగున గుమ్మడికాయంత చిల్లు పెట్టాడు, చుక్కాని కూడా విరిచాడు. తిరిగొచ్చిన అనూరాధ అయ్యో పాపమని కుర్చీ ఇటు తిప్పింది. ఎర్రన్న ఏడుపు మొహం పెట్టుకుని మధ్యాహ్నం దాకా పక్కనే నిలబడ్డాడు.

ఆవిడ కింద సంతకం, తేదీ వేసి కాగితం చేతికిచ్చింది. అందులో పడవ నిన్న కట్టినట్టు నిగనిగలాడుతోంది.

"నష్టమేటీ నేదని రాసేసినారేటి మేడమ్?"

"రాయడమేంటండీ? నేను బొమ్మలు వేసుకునేదాన్ని. విరిగినవి వేసి వేసి మనసు పాడైంది, మీ పడవనైనా బాగుచేసి వేశాను. ఉంచుకోండి."

ఆవిడ బస్సెక్కిన గంటకి అసలు ఆఫీసరు వచ్చాడు. చిల్లు చూశాడు, ఎర్రన్న చేతిలోని బొమ్మ చూశాడు, తేదీ చూశాడు.

"ఇవాళ కూడా బాగానే ఉందన్నమాట."

ఆయమ్మ జాలిపడి అలా వేసిందని ఎర్రన్న మొత్తుకున్నాడు. పొద్దున్నుంచి అతను చెప్పిన ఒకే ఒక్క నిజం అది. ఆఫీసరు నమ్మలేదు, నష్టం లేదని రాసుకుని పోయాడు.

పక్కింటివాడికి కొత్త పడవ వచ్చింది, ఎర్రన్న అందులో కూలికి పోతున్నాడు. సొంత పడవ మాత్రం నిక్షేపంగా ఉంది, గున్నమ్మ కొట్టిన మేకుకు వేలాడుతూ.