మేత ఆపిన మనిషి

ఆ సోమవారం పొద్దున్నే ఏసుకుమార్ వేసుకున్న పథకం చిన్నదే. ఎనిమిదింటికల్లా ఏలూరు వెళ్ళి ఒళ్ళంతా టెస్టులు చేయించుకోవాలి, పదకొండుకల్లా తిరిగొచ్చి చెరువులో మేత వేయాలి. మధ్యలో ఎవరికీ చెప్పక్కర్లేదు. భార్య మెర్సీకి కూడా.

ఒంట్లో ఏమైనా నలతా అంటే, ఏమీ లేదు. యాభై రెండేళ్ళ మనిషి. కొల్లేటి పక్క లంక ఊళ్ళో అయిదెకరాల చేపల చెరువు, పొద్దు పొడిచింది మొదలు గట్టు మీద నడక. రాళ్ళు తిని అరాయించుకునే రకం. కానీ కిందటి నెల పక్క చెరువు నెల్సన్, ఇతని ఈడువాడే, మేత బస్తా దింపుతూ గట్టు మీదే కుప్పకూలి పోయాడు. అతనికి మట్టి వేసి వచ్చిన రోజు నుంచి ఏసుకుమార్ చెయ్యి అతనికి తెలియకుండానే ఛాతీ మీదికి పోతోంది. గుండె కొట్టుకుంటే ఎందుకు కొట్టుకుంటోందని భయం, నెమ్మదిస్తే ఎందుకు నెమ్మదించిందని భయం.

తమాషా ఏమిటంటే, రెండు రోజులకోసారి వల విసిరి చేప ఎంత పెరిగిందో చూసుకునే అవతలి చెరువు వీరేంద్రను గట్టు మీద నిలబెట్టి మందలించింది ఈ ఏసుకుమారే. "పట్టి చూస్తే పెరుగుతాయా అండీ? పొలుసు రేగి పుండు పడుద్ది. నెలకోసారి చూసుకోండి, చాలు" అన్నాడు. చేపకు చెప్పిన నీతి మనిషికి పనికొస్తుందని మాత్రం అతనికి తోచలేదు.

మెర్సీకి చెప్పకపోవడానికి కారణముంది. ఆమె అంగన్‌వాడీ టీచరు. ఇరవై రెండేళ్ళుగా ఊరి పిల్లల్ని తూకం వేసి, గుడ్లు పంచి, పాటలు నేర్పి, రిజిస్టర్లు నింపిన మనిషి. ఇప్పుడు సూపర్‌వైజర్ పోస్టుకు ఏలూరులో పరీక్ష రాయబోతోంది. గడువు మూడు వారాలు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది కాబట్టి ఆమెకిదే ఆఖరి అవకాశం. పొద్దున్నే భర్తకు క్యారియర్ కట్టి ఇచ్చేసి, మధ్యాహ్నం సెంటర్ మూశాక దొరికే ఆ గంటన్నరా పుస్తకం ముందు కూర్చునేది. ఆ చదువు చెడకూడదని ఏసుకుమార్ మనస్ఫూర్తిగానే అనుకున్నాడు. అనుకోవడంలో అతనెప్పుడూ లోటు చెయ్యడు.

ల్యాబులో కౌంటర్ దగ్గర కూర్చునే శ్రీకర్ ఫోనులో చెప్పింది ఒక్కటే మాట: "రాత్రి భోజనం అయ్యాక ఇంకేమీ తినకుండా పరగడుపున రండి సార్."

ఒక్క రాత్రా? ఏసుకుమార్‌కు నవ్వొచ్చింది. చేపలన్నీ పట్టి అమ్మే పట్టుబడికి రెండు రోజుల ముందే చెరువులో మేత ఆపేస్తారు. కడుపు ఖాళీగా ఉన్న చేప ఎంత దూరమైనా చెడకుండా చేరుతుంది. తిన్న చేప దారిలోనే పాడవుతుంది. పాతికేళ్ళుగా తన చేత్తో చేస్తున్న పని అది. ఒక్క రాత్రి పస్తుకే మనిషి శుభ్రపడితే, రోజున్నర పస్తుకు ఇంకెంత శుభ్రపడాలి! కాబట్టి శనివారం రాత్రి నుంచే మేత ఆపేశాడు. నీళ్ళు తాగితే రక్తం పల్చబడి లెక్క తప్పుతుందని తనంతట తానే తీర్మానించుకుని, ఆదివారం మధ్యాహ్నం నుంచి అవీ మానేశాడు. మెర్సీ కట్టిచ్చిన క్యారియర్ తూము మూలన చెరువులో బోర్లించాడు. పట్టుబడి దగ్గరపడిందని కాపలా వంక పెట్టి గట్టు మీది షెడ్డులోనే పడుకోవడంతో రాత్రి క్యారియర్ కూడా అదే దారి పట్టింది.

సోమవారం పొద్దున్నే ఏలూరులో రక్తం ఇచ్చొచ్చాడు, సాయంత్రానికి రిపోర్టు ఫోనుకొచ్చింది. రెండు అంకెలు లావు అక్షరాల్లో ఉన్నాయి. వెంటనే శ్రీకర్‌కు ఫోన్ చేశాడు.

"లావుగా ఉన్నవి నార్మల్ కాదండి. బిలిరుబిన్ ఎక్కువుందండి, అది కామెర్లకి సంబంధించిందండి. క్రియాటినిన్ కూడా కొంచెం ఉంది, అది కిడ్నీ అండి."

"కొంచెం అంటే ఎంతండీ?"

"నేను కౌంటర్ మనిషినండి. డాక్టర్‌గారికి చూపించుకోండి. ఇంకోసారి చేయించుకున్నా మంచిదేనండి."

ఆ రెండు సలహాల్లో మొదటిది ఏసుకుమార్ చెవిన పడలేదు. తాడేపల్లిగూడెంలో ఉన్న అక్క దేవకుమారికి ఫోన్ చేశాడు. ఆవిడ హాస్టల్ మేట్రన్‌గా రిటైరైంది. రెండొందల మంది ఆడపిల్లల్ని అదుపులో పెట్టిన గొంతు.

"ఒరేయ్ తమ్ముడూ, ఒక్క మెషీన్ మాట నమ్మకు. గూడెం వచ్చెయ్యి. ఇక్కడ మళ్ళీ చేయిద్దాం. ఖాళీ కడుపుతో రా."

తానున్న పస్తే చాలలేదని ఏసుకుమార్‌కు అర్థమైంది. ఈసారి రెండున్నర రోజులు ఆపాడు. గోంగూర రొయ్యలు, పులిహోర, ఉలవచారు, అన్నీ వేళ తప్పకుండా తూము మూలకే పోయాయి. మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి చేపలు అక్కడ మూగి నోళ్ళు తెరవడం నేర్చుకున్నాయి.

"ఏవండీ, మొహం అలా పీక్కుపోయిందేంటండీ? అన్నం తింటున్నారా?" అంది మెర్సీ ఓ పొద్దున్న.

"క్యారియర్ చూడు, మెతుకైనా మిగిలిందా?" అన్నాడతను. అబద్ధం ఆడకుండా గట్టెక్కినందుకు కాస్త గర్వపడ్డాడు కూడా.

గూడెం రిపోర్టులో అంకెలు ఇంకా పెరిగాయి. కళ్ళు నిజంగానే పచ్చబడ్డాయి. దానికి తోడు స్కానింగ్‌లో కుడి కిడ్నీలో చిన్న నీటి తిత్తి కనపడింది. కాగితం మీద 'అవసరమైతే సీటీ స్కాన్' అని రాశారు. 'అవసరమైతే' అన్న మాటను దేవకుమారి చదవలేదు. స్కానింగ్ సెంటర్ మెట్ల మీదే తమ్ముణ్ణి పట్టుకుని భోరుమంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, ఏలూరులో సీటీకి తేదీ తీసుకుని, అక్కణ్ణించే ఊరి పాస్టరుగారికి ఫోన్ చేసింది.

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు ప్రత్యేక ప్రార్థన చేశారు. "కాలేయము, మూత్రపిండము రెండూ చెడి మరణపడక మీదున్న మన సహోదరుడు" అన్నారు. మెర్సీ కూడా కళ్ళు మూసుకుని, ఎవరో పాపం అనుకుంటూ గట్టిగా ఆమెన్ చెప్పింది. కళ్ళు తెరిస్తే చర్చంతా తనవైపే చూస్తోంది.

"నాకెందుకు చెప్పలేదండీ?" అంది ఇంటికొచ్చాక.

"నీ చదువు పాడవుద్దని."

"ఇప్పుడు బాగుపడిందా అండీ?"

బాగుపడలేదు. పరామర్శకు ఊరంతా కదిలింది, అదీ మధ్యాహ్నాలే, మెర్సీ పుస్తకం తెరిచే వేళకే. ఒకరు పసరు మందు తెచ్చారు, ఒకరు నేలఉసిరి తెచ్చారు, ఫలానా ఊళ్ళో ఫలానా ఆయన ఇలాగే పోయాడన్న కథ మాత్రం అందరూ తెచ్చారు. వచ్చిన వాళ్ళకు టీలు పెట్టడంతో ఆమెకు పది రోజులు గడిచిపోయాయి. జనం తాకిడి పడలేక ఏసుకుమార్ షెడ్డులోనే ఉండిపోయాడు. ఉప్పు లేని జావా, పథ్యం కూరలూ అక్కడికే వచ్చేవి. నాలుగు ముద్దలు తిని మిగతాది తూము మూలన వదిలేవాడు. చేపలకు పథ్యం పెద్దగా నచ్చినట్టు లేదు గాని, వదిలిపెట్టలేదు.

సీటీ తేదీ చూస్తే సరిగ్గా మెర్సీ పరీక్ష రోజే.

"పోనీలెండి, కలిసే వెళ్దాం. పరీక్ష పదింటికి, గేటు పావు తక్కువ పదింటికి మూసేస్తారు. మిమ్మల్ని స్కాన్ దగ్గర వదినగారికి అప్పజెప్పి నేను వెళ్ళిపోతాను. మీరేం భయపడకండి."

ఏసుకుమార్ భయపడ్డాడు. పెద్ద స్కాన్ కదా అని మూడు రోజులు మేత ఆపేశాడు. నీళ్ళు రోజుకు నాలుగు గుక్కలు.

ఆ ఉదయం ఆటోలో గుండుగొలను వచ్చి, హైవే పక్కన ఏలూరు బస్సు కోసం నిలబడ్డారు. మెర్సీ చేతిలో రెండు ఫైళ్ళు, ఒకటి అతని రిపోర్టులు, ఒకటి ఆమె హాల్ టికెట్టు. బస్సు కనపడింది. "అదిగోనండి" అంటూ ఆమె చెయ్యెత్తింది. పక్కన మనిషి లేడు. నేల మీద ఉన్నాడు.

నలుగురు పట్టి ఎదురుగా ఉన్న చిన్న క్లినిక్‌లో పడుకోబెట్టారు. డాక్టర్ నిర్మల నాడి చూసి, వేలికి సూది గుచ్చి షుగర్ చూసి, సెలైన్ పెట్టింది. మొహం కడిగేసరికి అతను కళ్ళు తెరిచాడు.

"బాగా నీరసించిపోయారు, అంతేనమ్మా. ఇప్పుడు పర్వాలేదు" అంది డాక్టరమ్మ, మెర్సీ చేతిలో హాల్ టికెట్టు చూసి. "టైం ఎనిమిదీ నలభయ్యే. మీరు వెళ్ళండి. ఈయన్ని నేను చూసుకుంటాను."

మెర్సీ లేచింది. అప్పుడు ఏసుకుమార్ ఆమె పమిట కొంగు పట్టుకున్నాడు.

"మెర్సీ, నన్నొదిలి వెళ్ళకు. ఇదే ఆఖరు. నీళ్ళలో గాలి కొట్టే రెండో ఏరేటర్ మోటారు రిపేరుకిచ్చాను, తెచ్చుకో. చెరువు వీరేంద్రగారికి మాత్రం ఇవ్వకు, వల వేసి వేసి చేపల్ని చంపేస్తారు."

"ఏవండీ, డాక్టరమ్మ చెప్తున్నారు కదండీ..."

"వెళ్ళకు, మెర్సీ."

ఆమె గోడ గడియారం చూసింది. కొంగు పట్టుకున్న చెయ్యి చూసింది. కూర్చుంది. కిటికీలోంచి ఏలూరు బస్సులు ఒకటి, రెండు, మూడు వెళ్ళిపోయాయి. తొమ్మిది నలభై అయిదుకు ఆమె కళ్ళొకసారి మూసుకుని తెరిచింది. ఎక్కడో ఒక గేటు మూసుకున్న చప్పుడు ఆమెకొక్కదానికే వినపడి ఉంటుంది.

పదింటికి డాక్టరమ్మ ఇడ్లీ తెప్పించింది. మరణపడక మీదున్న సహోదరుడు ఆరు తిని, చట్నీ ఇంకాస్త ఉందా అని అడిగాడు.

"ఎప్పుడు తిన్నారండీ ఇదివరకు?" అంది డాక్టరమ్మ.

"క్యారియర్ నిండా పెడుతూనే ఉన్నానండి" అంది మెర్సీ. ఏసుకుమార్ ప్లేటులోకి చూస్తూ, పట్టుబడి సంగతీ, మేత ఆపడం సంగతీ, తూము మూల సంగతీ మొత్తం చెప్పేశాడు.

డాక్టరమ్మ రిపోర్టులు తిరగేసింది. "కొందరి ఒంటి తీరే అంతండీ, పస్తుంటే కళ్ళు పచ్చబడతాయి. అది జబ్బు కాదు. కిడ్నీ అంకె నీళ్ళు లేక పెరిగింది. ఆ తిత్తి మీ వయసులో చాలామందికి ఉంటుంది, దాని మానాన అది ఉంది. ఇలా ఎండిపోయిన ఒంటితో వెళ్ళి స్కాన్ బొమ్మ తేటగా రావడానికి నరంలోకిచ్చే రంగు మందు ఎక్కించుకుంటే, అప్పుడు నిజంగా కిడ్నీ దెబ్బతినేది." ఫైలు మూసి అడిగింది: "చేపలకి మేతే కదండీ ఆపుతారు? చెరువులో నీళ్ళు కూడా తోడేస్తారా?"

"మరి నెల్సన్?" అన్నాడు ఏసుకుమార్ గొణుగుతూ.

"ఆయన నెల రోజులు ఛాతీ నొప్పని నా దగ్గర గ్యాస్ బిళ్ళలు తీసుకెళ్ళాడండీ. ఈసీజీ తీయించుకోమని మొత్తుకున్నాను. టెస్టు కావలసిన మనిషి చేయించుకోలేదు, అక్కర్లేని మనిషి మానలేదు."

వారం రోజులు కడుపునిండా తిని, ఒక్క రాత్రి మాత్రమే ఆగి చేయించుకున్న టెస్టులో అంకెలన్నీ కిందికి దిగొచ్చాయి. చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరిగింది. దేవకుమారి సాక్ష్యం చెప్పింది. అందరూ ఏసుకుమార్ చెయ్యి పట్టుకుని ఊపారు. మెర్సీ పరీక్ష సంగతి ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు. ఆమె ఒక్క మాట కూడా అనలేదు. అంటే బావుండునని అతను రోజూ ఎదురుచూశాడు. తిట్టే నోరు ఊరుకుంటే తప్పు మరీ పెద్దదవుతుందని అతనికి యాభై రెండేళ్ళకు తెలిసింది.

ఇప్పుడు క్యారియర్ అతని చేతికి ఇవ్వడం లేదు. మధ్యాహ్నం సెంటర్ మూసి, ఆమే గట్టు మీదికి తెచ్చి, అతను తినేదాకా ఎదురుగా కూర్చుంటోంది. మొదటి రోజు ముద్ద కలుపుతూ అడిగాడు: "ఇది నీ చదువు టైం కదా. పుస్తకాలేవీ?"

"మా సెంటర్ ఆయా బ్లెస్సీకి ఇచ్చేశానండి. అదింకా చిన్నపిల్ల, దానికి వయసుంది. తినండి, చల్లారిపోద్ది."

"నేను కొంగు పట్టుకోకుండా ఉండాల్సింది, మెర్సీ."

"అవునండి" అంది ఆమె. అంతే అంది.

అతను తల వంచుకుని తిన్నాడు. మెతుకు మిగలకుండా తిన్నాడు. తూము మూలన మాత్రం పన్నెండింటి నుంచే చేపలన్నీ మూగి, ఆ ఇద్దరివైపూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాయి.